థర్మోకోల్ చెట్టు, కారే కుళాయి

నమస్తే అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇది కోపంలోంచి పుట్టిన వీడియో. మొన్న మా అక్క కూతురి స్కూల్ ప్రాజెక్టు చూశాను. పర్యావరణ పరిరక్షణ అట. థర్మోకోల్ షీటు, దాని మీద థర్మోకోల్ ఇల్లు, థర్మోకోల్ చెట్టు, పైన తళతళలాడే అక్షరాలతో 'ప్రకృతిని కాపాడుకుందాం'. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని చేసింది పాప కాదు, మా బావ. పదికి పది మార్కులొచ్చాయి! ఆ చెట్టు మాత్రం మట్టిలో కలవదు, ఎప్పటికీ పచ్చగానే ఉంటుంది.

బళ్లో పర్యావరణం అంటే ఏంటని ఎవర్నడిగినా జూన్ 5న మొక్క, మొక్క పక్కన ఫొటో, గోడ మీద స్లోగన్. మొక్కల మీద నాకేం పగ లేదు. కానీ ఈ చదువు ఎందుకు పెట్టాలో ఎప్పుడో మాట్లాడుకున్నారండీ. 1977 అక్టోబరులో, జార్జియా ఇంకా సోవియట్ యూనియన్‌లో ఉన్న రోజుల్లో, దాని రాజధాని టిబిలిసీలో యునెస్కో వాళ్లు చాలా దేశాల్ని కూర్చోబెట్టి అయిదు లక్ష్యాలు రాయించారు: అవగాహన, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం. చదువుతుంటే నిద్రొస్తుంది కదా? అందుకే ఆ కాగితం పక్కన పెట్టి కుళాయి దగ్గరికి వెళ్దాం.

ఏ కుళాయి? మధ్యాహ్న భోజనం అయ్యాక పిల్లలు పళ్లేలు కడిగే కుళాయి. చాలా బళ్లలో ఒకటే సీను: వాషరు అరిగిపోయి చుక్కచుక్కగా కారుతూనే ఉంటుంది, కింద గుంత, గుంతలో అన్నం మెతుకులు, పక్కన ఒక కుక్క. పిల్లలు రోజూ దాన్ని దూకి వెళ్తారు, టీచర్లు చీర కుచ్చిళ్లు పైకెత్తి వెళ్తారు. ఒక రోజు ఎవరో ఒక పిల్ల ఆగి, 'టీచర్, ఈ గుంత ఎప్పుడూ ఆరదేంటి?' అంటుంది చూడండి, అదే అవగాహన. కళ్లముందున్నది కంటబడటం.

ఇప్పుడు ఆ నీళ్లు ఎక్కడివి? బోరువి. బోరులోకి ఎక్కడివి? కురిసిన వాన ఇంకితేనే. ట్యాంకులోకి ఎక్కించడానికి మోటారు, మోటారుకి కరెంటు. ఇక గుంతలో దోమ గుడ్డు పెడితే, మన ఎండలకి వారం పది రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. వారానికోసారి డ్రై డే అంటూ తొట్లు ఖాళీ చేయమనేది అందుకే. సైన్సు, సోషలు రెండూ ఆ గుంతలోనే ఉన్నాయి. ఇది జ్ఞానం.

నాకు బాగా ఇష్టమైంది తర్వాతది. కుళాయి కింద లీటరు బాటిల్ పెట్టి గడియారం చూడండి. ఇరవై నిమిషాల్లో నిండిందనుకోండి, గంటకి మూడు లీటర్లు, రోజుకి డెబ్భై రెండు. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్‌లో పల్లెటూళ్లలో మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క పెట్టారు. అంటే ఒక మనిషి వాటా కంటే ఎక్కువే ఆ కుక్క పక్కన కారిపోతోంది! అయిదో తరగతి పిల్లాడు వేసే గుణకారమే ఇది. 'నీటిని వృథా చేయరాదు' అని వందసార్లు రాయించినా ఆ 72 కలిగించే ఉలుకు రాదు. కొలవడం, లెక్కెయ్యడం, ఇదే నైపుణ్యం.

వైఖరి అంటారా, అది చెబితే వచ్చేది కాదు. మాస్టారు వెళ్తూ వెళ్తూ కుళాయి కట్టేసి వెళ్తే వస్తుంది. పరీక్షలో 'వైఖరికి 5 మార్కులు' అని పెట్టేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఆఖరిది భాగస్వామ్యం. వాషరు మార్పించడం, మార్చకపోతే పిల్లలే సర్పంచ్‌కి అర్జీ రాయడం, కడిగిన నీళ్లకి ఇంకుడు గుంత తవ్వించి రాళ్లు, కంకర, ఇసుక వేయించడం. జాగ్రత్త, మెతుకులు వెళ్తే అది పూడిపోతుంది, కాబట్టి పళ్లెం ముందు బుట్టలో దులిపాకే కడగాలి. బోరుకి మరీ దగ్గరగా కూడా తవ్వకూడదు.

టైమైపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. మన దేశంలో పర్యావరణం చదువు బళ్లలో తప్పనిసరి అయింది సుప్రీంకోర్టు వల్ల. ఎం.సి. మెహతా అనే లాయరు పిటిషన్ వేస్తే 1991 నవంబరులో తీర్పు వచ్చింది. సినిమా హాళ్లలో పర్యావరణం స్లైడ్లు ఉచితంగా వెయ్యమన్నది కూడా ఆ తీర్పే. మూడు నుంచి అయిదు తరగతులకి పరిసరాల విజ్ఞానం విడిగా ఉంది, ఆ పైన సైన్సు, సోషల్లో కలిసిపోతుంది. కలిసిపోయి ఎవరికీ కనబడకుండా పోతుంది, అది వేరే గొడవ.

ఈ స్క్రిప్టు రాస్తుంటే పాప వినేసి, బాటిల్ తీసుకెళ్లి మా పెరటి కుళాయి కింద పెట్టింది. పదమూడు నిమిషాలకే నిండింది. 'పిన్నీ, రోజుకి నూట పది లీటర్లు, ఇద్దరి వాటా!' అని వీధంతా వినబడేలా అరిచింది. వాషరు కొనడానికి వెళ్తున్నా, ఉంటానండీ.