బెన్నెట్ ఇంటి ఆస్తి లెక్క: ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేటోళ్లకు

నమస్తే. హన్మకొండల రూమ్ తీసుకొని ఎం.ఏ. ఇంగ్లిష్ చదివేటోళ్లు, డిగ్రీ అయిపోయి పీజీ ఎంట్రన్స్‌కు తయారయ్యేటోళ్లు, ఈ వీడియో మీకోసమే. ఇయ్యాల జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. 1813ల అచ్చయింది. దీని మీద పెద్ద ప్రశ్న వచ్చిందంటే చాలామంది జవాబు ఒకే మాటతోని మొదలైతది: "ఆ కాలంల ఇంగ్లండ్‌ల ఆడవాళ్లకు ఆస్తి హక్కు లేదు." ఒక గైడ్ల నుంచి ఇంకో గైడ్లకు పాకిన మాట ఇది. ఇది తప్పు, ఆ తప్పును నవలే పట్టిస్తది.

29వ అధ్యాయం తీయండి. మా ఇంట్ల ఆడపిల్లల్ని తప్పించి ఆస్తిని కట్టుదిట్టం చేసే అవసరం రాలేదని లేడీ క్యాథరిన్ అనే దొరసాని, కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్‌తోని అంటది. రోజింగ్స్ ఎస్టేట్ ఆమె బిడ్డ ఆన్‌కే పోతది. మరి ఆడపిల్లకు హక్కే లేకపోతే ఇదెట్ల సాధ్యం?

అడ్డం పడ్డది బెన్నెట్ కుటుంబం ఉండే లాంగ్‌బోర్న్ ఎస్టేట్‌కే. దాని మీద ఎంటైల్ ఉన్నది. అంటే ఆ కుటుంబం వెనకటికి రాసుకున్న ఏర్పాటు ప్రకారం భూమి మగవారసునికే చెందాలె. ఎలిజబెత్ తండ్రి బెన్నెట్ ఏడాదికి రెండు వేల పౌండ్ల రాబడి అనుభవిస్తడు గాని, భూమిని బిడ్డలకు రాసియ్యలేడు. కొడుకు లేడు కాబట్టి అది దూరపు చుట్టం కాలిన్స్‌కు పోతది.

చాలామంది వదిలేసే అధ్యాయం 50వది. అసలు లెక్కంతా అక్కడనే ఉన్నది. బెన్నెట్ పైసలెందుకు కూడబెట్టలేదు? కొడుకు పుడ్తడు, వానికి మైనారిటీ తీరంగనే తండ్రీకొడుకులు కలిసి ఎంటైల్‌ను తెంపుకుంటరు, భార్యాబిడ్డలకు భద్రత దొరుకుతది, ఇదీ ఆయన ధీమా. ఐదుగురూ ఆడపిల్లలే పుట్టిండ్రు. అప్పటికి పొదుపు మొదలుపెట్టే వేళ దాటిపోయింది. పెండ్లి ఒప్పందంల తల్లికి, పిల్లలకు కలిపి రాసింది ఐదు వేల పౌండ్లు. ఐదుగురికి పంచితే తలా వెయ్యి. 19వ అధ్యాయంల కాలిన్స్ ఎలిజబెత్‌ను పెండ్లికి అడుగుతనే ఆ వెయ్యి లెక్క తీస్తడు: నాలుగు శాతం వడ్డీ, అదీ తల్లి పోయినంకనే. అంటే ఏడాదికి 40 పౌండ్లు. తండ్రి రాబడి రెండు వేల పక్కన ఈ 40 పెట్టి చూడండి, తల్లి ఆరాటం ఎందుకో తెలుస్తది. ఆమెను ఉత్త నవ్వులాట పాత్రగా రాసేటోళ్లు ఈ అంకె చూడనోళ్లే అని నా నమ్మకం.

చట్టం సంగతి ఒక్క ముక్కల రాయండి. పెండ్లి కాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ ఆస్తి పెట్టుకోవచ్చు. పెండ్లయితే ఆమె పైసలు, సామాన్లు సాధారణంగ భర్తవి అయితయి. దీన్ని కవర్చర్ అంటరు. ఇది 1870, 1882 చట్టాలతోని సడలింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల బిడ్డకు ఉమ్మడి ఆస్తిల వాటా ఇచ్చిన, 1985 నుంచి అమలైన హిందూ వారసత్వ చట్టం సవరణను దీనితోని కలపకండి. అది వేరే చట్టం, వేరే కథ.

చదివే పద్ధతికొస్తే, నవలల 61 అధ్యాయాలున్నయి. రోజుకు మూడు చదివితే 21 రోజుల్ల అయిపోతది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్ల ఉచితంగనే దొరుకుతది. కొన్ని ప్రతులు మూడు సంపుటాలుగ ఉంటయి, వాటిల 50వ అధ్యాయం మూడో సంపుటం ఎనిమిదోది అయితది. నోట్స్‌ల ఏ ప్రతి వాడుతున్నరో రాసుకోండి, లేకపోతే రివిజన్ల వెతుక్కుంటరు. నోట్‌బుక్‌ల ఎడమ పేజీ మీద అధ్యాయం నంబరు, వాక్యం. కుడి పేజీ మీద ఆ మాట ఎవరిది, పైసల సంగతి ఏమన్న ఉన్నదా అని. గైడ్ చివర్ల చూడండి. ముందే చూస్తే నవల చదువుతున్నా గైడ్ మాటలే కనబడ్తయి.

పరీక్షల మూడు గంటల్ల ఐదు పెద్ద ప్రశ్నలుంటే ఒక్కోదానికి 35 నిమిషాలు. కథ చెప్పుకుంట కూసుంటే అందుల సగం పోతది, మార్కులు మాత్రం రావు. దానికి బదులు 22వ అధ్యాయం పట్టుకోండి. ఎలిజబెత్ దోస్తు, 27 ఏండ్ల షార్లెట్, కాలిన్స్‌తోని పెండ్లికి ఒప్పుకుంటది. తక్కువ ఆస్తి ఉన్న చదువుకున్న అమ్మాయికి గౌరవంగ బతికే దారి పెండ్లి ఒక్కటే అనే మాట అక్కడ వస్తది. "షార్లెట్ అనుకున్నది" అని రచయిత్రి కొటేషన్ పెట్టలేదు. మాట కథ చెప్పే గొంతుది, ఆలోచన షార్లెట్‌ది. ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్ అంటే ఇదే. ఆ మాట రచయిత్రి తీర్పా, షార్లెట్ సర్ది చెప్పుకున్నదా అని రెండు దిక్కుల నుంచి వాదించి, పక్కన ఆ 40 పౌండ్ల లెక్క పెట్టండి. ఒక పేజీ నిండుతది, అదంతా మీ సొంత జవాబే.