పెళ్లి లైసెన్సులో జాతి గడి

సభకు నమస్కారం.

2019 సెప్టెంబరు దాకా అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో పెళ్లి లైసెన్సు కావాలంటే వధూవరులిద్దరూ దరఖాస్తులో తమ జాతి ఏమిటో రాసి తీరాలి. రాయనంటే లైసెన్సు ఇవ్వరు. రాక్‌బ్రిడ్జ్ కౌంటీలోనైతే ఎంచుకోవడానికి ఒక పెద్ద జాబితా ఉండేది. అందులో 200కు పైగా పేర్లు. 'ఆర్యన్', 'ట్యూటానిక్', 'మూర్', 'ములాటో', నల్లవారి రక్తం ఎనిమిదో వంతు ఉన్నవారిని ఒకప్పుడు పిలిచిన 'ఆక్టరూన్' అన్నీ ఉన్నాయి. మూడు జంటలు ఫెడరల్ కోర్టుకెక్కాయి. అక్టోబరులో ఆ నిబంధన రాజ్యాంగానికి విరుద్ధమని జడ్జి కొట్టేశారు.

ఆ గడి మూలం 1924లో వర్జీనియా చేసిన జాతి శుద్ధి చట్టంలో ఉంది. కాకేసియన్ రక్తం తప్ప మరే రక్తపు జాడా లేనివారే తెల్లవారని ఆ చట్టం చెప్పింది. తెల్లవారు తెల్లవారినే పెళ్లాడాలి. జాతి తప్పుగా రాసినవారికి ఏడాది జైలు. అయితే ఒక చిక్కు వచ్చిపడింది. వర్జీనియాలో పేరున్న పాత కుటుంబాలు కొన్ని తాము పోకహాంటస్ వంశం వాళ్లమని గర్వంగా చెప్పుకునేవి. 1614లో జాన్ రోల్ఫ్ అనే ఇంగ్లీషువాణ్ణి పెళ్లాడిన ఆదివాసీ స్త్రీ ఆవిడ. చట్టాన్ని అక్షరాలా అమలు చేస్తే ఆ దొరలు కూడా తెల్లవారు కాకుండా పోతారు. అందుకని ఆదివాసీ రక్తం పదహారో వంతు, అంతకన్నా తక్కువ ఉన్నవారిని తెల్లవారిగానే లెక్కించాలని ఒక మినహాయింపు పెట్టారు. జాతి ప్రకృతి గీసిన గీత అని వాదించినవాళ్లే, ఆ గీత తమ ఇంటి గుమ్మం దాకా వచ్చేసరికి దాన్ని కాస్త పక్కకు జరిపారు.

మన దేశం నుంచి వెళ్లినవారినీ ఈ గీత వదల్లేదు. భారతీయులు 'తెల్లవారు' కారు కనుక వారికి పౌరసత్వం చెల్లదని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కోల్పోతుందని అంతకు ముందు ఏడాది వచ్చిన కేబుల్ చట్టంలో ఉంది. ఈ రెండూ కలిపి చదవండి. ఇక్కడే పుట్టి పెరిగిన ఆడపిల్ల ఒక పంజాబీ రైతుకు తాళి కట్టించుకుంటే తన సొంత దేశంలోనే పరాయిది అయిపోయేది. 1931లో ఆ నిబంధన తీసేశారు. మనవారికి పౌరసత్వపు తలుపు తెరుచుకున్నది 1946లో.

ఇక మధ్యేవాదుల సంగతి. నేను ఆ దారిలో నడిచేవాణ్ణే. మా వైపు ఎప్పుడూ వినిపించే సలహా ఒకటుంది: జనం సిద్ధంగా లేరు, కాస్త ఆగుదాం. ఈ సలహా ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ అన్యాయమవుతుందో తేల్చుకోవడానికి పెళ్లి చట్టాల చరిత్రను మించిన పాఠం నాకు కనబడలేదు.

1952లో హామ్ సే నైమ్ అనే చైనా నావికుడు, ఒక తెల్ల యువతి నార్త్ కరొలైనా వెళ్లి పెళ్లి చేసుకున్నారు. తెల్లవారికీ చైనీయులకూ పెళ్లిళ్లు అక్కడ నిషేధం కాదు. కాపురం వర్జీనియాలో. ఆ తర్వాత భార్య వేసిన కేసులో వర్జీనియా కోర్టులు ఆ పెళ్లి అసలు చెల్లదన్నాయి. 1955లో కేసు సుప్రీంకోర్టుకు వచ్చింది. బడుల్లో జాతి వివక్ష చెల్లదని బ్రౌన్ కేసులో అదే కోర్టు తీర్పిచ్చి అప్పటికి ఏడాదే అయింది. దక్షిణాది రాష్ట్రాలు భగ్గుమంటున్నాయి. ఇప్పుడు పెళ్లి విషయం కూడా ముట్టుకుంటే బ్రౌన్ తీర్పు అమలే దెబ్బతింటుందని జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ వాదించారు. కోర్టు తప్పుకుంది. 1956లో ఆ కేసును పూర్తిగా వదిలేసింది.

ఆ జాగ్రత్తకు మూల్యం ఎవరు చెల్లించారో చూడండి. 1958 జులైలో, వర్జీనియాలోని కరోలిన్ కౌంటీలో, రిచర్డ్, మిల్డ్రెడ్ లవింగ్ దంపతులు రాత్రివేళ పడక మీద ఉండగా షెరిఫ్ వచ్చి అరెస్టు చేశాడు. రిచర్డ్ తెల్లవాడు, మిల్డ్రెడ్‌ది నల్లజాతి, ఆదివాసీ మూలాలున్న కుటుంబం. జూన్‌లో వాషింగ్టన్ డీసీలో చేసుకున్న పెళ్లి సర్టిఫికెట్ వారి దగ్గర ఉంది. అది ఇక్కడ చెల్లదన్నారు. ఏడాది జైలుశిక్ష వేసి, 25 ఏళ్ల పాటు రాష్ట్రంలో కలిసి అడుగు పెట్టనంటే ఆ శిక్ష ఆపుతామన్నారు. 1955లోనే కోర్టు ధైర్యం చేసి ఉంటే ఆ అరెస్టుకు చట్టమే ఉండేది కాదు. చివరికి 1967 జూన్ 12న లవింగ్ దంపతుల కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఏకగ్రీవంగా ఆ చట్టాలను కొట్టేశారు. ఒక మనిషి ఎవరిని పెళ్లాడాలన్న ప్రాథమిక హక్కు విషయంలో 'ఆగండి' అనే అధికారం నాకు లేదు, మీకూ లేదు. ఆగేది మనం కాదు కదా, ఇంకెవరో.

కానీ కోర్టు ఒక్కటే ఈ పని చేసిందంటే కూడా ఒప్పుకోను. 1948లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 4-3 తేడాతో తన రాష్ట్ర నిషేధాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఒరెగాన్, మోంటానా, కొలరాడో, ఇండియానా, మేరీలాండ్ లాంటి రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టసభల్లో ఆ చట్టాలు రద్దు చేశాయి. 1967 నాటికి నిషేధం మిగిలింది 16 రాష్ట్రాల్లోనే. తీర్పు నిలబడటానికి కావలసిన నేలను ఆ శాసనసభ్యులు, వారి వెంటపడిన స్థానికులు దున్ని పెట్టారు. వారి పేర్లు ఎవరికీ గుర్తులేవు. నాకు అది బాధగానే ఉంటుంది.

తీర్పు వచ్చినంత మాత్రాన మనసులు మారలేదు. తెల్లవారికీ నల్లవారికీ జరిగే పెళ్లిళ్లను సమర్థించినవారు గాలప్ సర్వేలో 1958లో 4 శాతం, 2021లో 94 శాతం. ఆ రెండు అంకెల మధ్య రెండు తరాలు గడిచాయి. అలబామా రాజ్యాంగంలో చచ్చిన అక్షరాలుగా మిగిలిన నిషేధాన్ని తీసేయడానికి 2000లో ఓటింగు పెడితే, వద్దని ఓటేసినవారు సుమారు 40 శాతం. తీర్పు వచ్చిన 33 ఏళ్లకు! ఆ 40 శాతాన్ని తిట్టిపోయడం తేలిక. కానీ వారి పిల్లల్లో, మనవల్లో చాలామంది ఇవాళ ఆ 94 శాతంలో ఉన్నారు. హక్కు విషయంలో ఆగకూడదు, మనుషుల విషయంలో ఓపిక వదలకూడదు. నా మధ్యేవాదం అంతే.

2022 డిసెంబరులో వచ్చిన వివాహ గౌరవ చట్టం ఈ పద్ధతికి మంచి నమూనా. సెనేట్‌లో 61-36తో గెలిచింది, అందులో 12 మంది రిపబ్లికన్లు. ఒక రాష్ట్రంలో చెల్లిన పెళ్లిని జాతి, లింగం, పుట్టిన దేశం పేరు చెప్పి మరో రాష్ట్రం కాదనకూడదు. పెళ్లి జరిగిన చోట చెల్లితే ఫెడరల్ ప్రభుత్వమూ ఒప్పుకోవాలి. మరోవైపు, తమ విశ్వాసానికి సరిపడని పెళ్లికి హాలో, సేవలో ఇచ్చి తీరాలని మత సంస్థలను బలవంతపెట్టదు. ఇందులో లోటు కూడా ఉంది. స్వలింగ వివాహాలను దేశమంతటా ఒప్పుకున్న 2015 సుప్రీంకోర్టు తీర్పు రేపు పడిపోతే, ఫలానా రాష్ట్రం కొత్త లైసెన్సులు ఇచ్చి తీరాలని ఈ చట్టం అనదు. ఇటువైపు వారికీ అటువైపు వారికీ తృప్తి లేదు. అయినా రెండు పార్టీల ఓట్లతో వచ్చింది కనుక, ప్రభుత్వం మారినప్పుడల్లా దీన్ని ఊడబెరకడం అంత సులువు కాదు.

'పెళ్లి జరిగిన చోట చెల్లితే' అన్న మాట మన కుటుంబాలు జాగ్రత్తగా వినాలి. గుళ్లో మంగళసూత్రం కట్టి, తలంబ్రాలు పోసుకుని, ఫొటోలు దిగితే ఇక్కడ పెళ్లి అయినట్టు కాదు. ముందు లైసెన్సు తీసుకోవాలి. వర్జీనియాలో అది 60 రోజులే చెల్లుతుంది. టెక్సస్‌లో తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగాలి, కనుక శుక్రవారం తీసుకుని శనివారం ముహూర్తం పెట్టుకుంటే కుదరదు. వర్జీనియాలో పంతులుగారికి సర్క్యూట్ కోర్టు అనుమతి ఉండాలి. ఆయన సంతకం చేసిన కాగితం తిరిగి క్లర్కు ఆఫీసుకు చేరాలి. అది ఎవరి సంచిలోనో ఉండిపోతే, గ్రీన్ కార్డు దరఖాస్తు వేళ ఆ కుటుంబం పడే అవస్థ ఇంతా అంతా కాదు.

జాతి గోడ తగ్గుతున్న ఈ కాలంలోనే మరో గోడ లేచింది. మీ పిల్లలు అవతలి పార్టీవారిని చేసుకుంటే బాధపడతారా అని 1960లో అడిగితే, అవునన్నవారు 100కు ఐదుగురు కూడా మించలేదు. 2010లో అదే ప్రశ్నకు డెమొక్రాట్లలో సుమారు మూడోవంతు, రిపబ్లికన్లలో దాదాపు సగం మంది అవునన్నారు. పార్టీ ఇప్పుడు కులంలా తయారవుతోంది. సంబంధాలు చూసేటప్పుడు ఏయే ప్రశ్నలు ముందు వస్తాయో మనవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఈ గోడ పగలాలంటే ఉపన్యాసాలు చాలవు. రెండు పార్టీలవాళ్లూ కలిసి చేయగల పని ఉండాలి. అలాంటిది ఒకటి కళ్లెదుటే ఉంది. చేతిలో ఏమీ లేని వృద్ధులకు, అంధులకు, వికలాంగులకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ఎస్ఎస్ఐ సాయం తీసుకోండి. 2025లో ఒంటరి మనిషికి నెలకు గరిష్ఠంగా 967 డాలర్లు. దంపతులిద్దరూ అర్హులైతే ఇద్దరికీ కలిపి 1,450. విడివిడిగా వచ్చేది 1,934 కనుక, పెళ్లి చేసుకున్నందుకు నెలకు 484 డాలర్లు పోతాయి. దాచుకునే సొమ్ము పరిమితి ఒంటరికి 2,000, దంపతులకు 3,000. 1989 నుంచి ఆ అంకెలు కదల్లేదు. సొంత ఇల్లు, ఒక కారు లెక్కలోకి రావు గానీ, బ్యాంకులో డబ్బు ఒకటో తేదీన గీత దాటితే ఆ నెల సాయం ఆగుతుంది. లైసెన్సు లేకున్నా భార్యాభర్తలమని నలుగురిలో చెప్పుకుంటూ కలిసి ఉంటే దంపతుల లెక్కే వేస్తారు. అందుకని వికలాంగులైన జంటలు కొన్ని పెళ్లి మానుకుంటున్నాయి.

కుటుంబం నిలబడాలనే రిపబ్లికన్లు, పేదలకు న్యాయం కావాలనే డెమొక్రాట్లు ఈ ఒక్క చోట ఒకే మాట అనవచ్చు. దంపతుల సాయాన్ని ఇద్దరు ఒంటరుల సాయంతో సమానం చేయాలి, పరిమితిని కనీసం రెట్టింపు చేసి ఏటా ధరలతో పాటు పెంచాలి. మీ జిల్లా కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసుకు ఫోన్ చేసి, ఏ పార్టీ అయినా సరే, 2,000, 3,000 అన్న ఈ రెండు అంకెలు చెప్పి, వీటి మీద మీ వైఖరి ఏమిటని అడగండి.