పోగు మెలిక పడినప్పుడు

(జాతీయ సైన్స్ దినోత్సవం సందర్భంగా నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నేను పుట్టపాకలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగాను. మా అమ్మ ఆసు పోసేది. మీలో చేనేత ఇళ్ల పిల్లలకు ఆసు గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెప్తాను. అర్ధచంద్రం లాంటి చట్రం ఒకటి ఉంటుంది. వంపు పొడవునా వరసగా సీలలు, వాటికి ఎదురుగా ఒకే ఒక్క సీల. పోగు ఆ ఒంటి సీల దగ్గర బయల్దేరి, వంపులో ఉన్న సీలను చుట్టి వెనక్కి వస్తుంది. మళ్లీ పోయి పక్క సీలను చుట్టి వస్తుంది. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు అలా ఆడాలి. రాత్రిపూట అమ్మ భుజానికి నూనె రాసి రుద్దడం నా పని. అప్పుడు ఆ చట్రం వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఉన్నది ఒకే పోగు. ఎక్కడా తెగలేదు. కానీ చూసే కంటికి పక్కపక్కన పరిచిన వందల పోగుల్లా ఉండేది. ఈ సంగతి మనసులో పెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

మీ పుస్తకంలో డీఎన్‌ఏ బొమ్మ అందరికీ తెలుసు. మెలితిరిగిన నిచ్చెన. రోజలిండ్ ఫ్రాంక్లిన్ ప్రయోగశాలలో తీసిన ఎక్స్‌రే చిత్రం ఆసరాగా 1953లో వాట్సన్, క్రిక్ ఆ నిర్మాణాన్ని ప్రకటించారు. కుడిచేతి వాటం మెలిక, సుమారు పది మెట్లకు ఒక చుట్టు. మెట్లలో ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు, ఏకి ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. మన కణాల్లో డీఎన్‌ఏ చాలా భాగం, చాలాసేపు అలాగే ఉంటుంది. నా బాధల్లా ఒక్కటే. ఏళ్ల తరబడి పాఠం చెప్తూ గమనించాను, ఆ బొమ్మ చూసి పిల్లలు డీఎన్‌ఏను ఇనుప నిచ్చెన అనుకుంటున్నారు. అది పోగు. పురి ఎక్కితే బిగుస్తుంది, పురి వదిలితే విడుతుంది, సందు దొరికితే తన మీద తానే మడత పడుతుంది. ఎక్కడ ఎలా మడత పడాలో దాని అక్షరాల వరుసలోనే ఉంది.

ఇంటికెళ్లాక రెండు పేటల తాడు ముక్క ఒకటి తీసుకోండి. రెండు చివరలూ కదలకుండా కట్టేయండి. మధ్యలో పేటల సందున పుల్ల దూర్చి మెల్లగా ముందుకు జరపండి. పుల్లకు ముందు పురి బిగుసుకుపోతుంది, వెనక సడలిపోతుంది. మన కణంలో ఒక జన్యువును చదువుతూ ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైము ముందుకు సాగినప్పుడు జరిగేది ఇదే. ఆ బిగువును సర్దడానికి టోపోఐసోమరేజ్‌లనే ఎంజైములు ఉన్నాయి. అవి వచ్చి సర్దేలోపు, పురి సడలిన చోట రెండు పోగులూ విడివడితే, ఒక్కో పోగు తనలో తానే జత వెతుక్కుంటుంది.

అలా జత దొరకాలంటే వరుస అనుకూలంగా ఉండాలి. తెనాలి రామకృష్ణుడికి వచ్చిన ‘వికటకవి’ బిరుదు ఎటునుంచి చదివినా ఒకటే కదా. డీఎన్‌ఏలోనూ వికటకవులు ఉన్నాయి, కాకపోతే పద్ధతి కొంచెం వేరు. ఒక పోగు మీద జీ, ఏ, ఏ, టీ, టీ, సీ అని ఉందనుకోండి. ఎదుటి పోగు మీద సీ, టీ, టీ, ఏ, ఏ, జీ ఉంటుంది. దాన్ని వెనక నుంచి చదవండి, మొదటి పోగు మీదున్నదే వస్తుంది. ఇలాంటి వరుస పొడుగ్గా ఉంటే, ఒకే పోగులోని మొదటి సగం రెండో సగంతో జతకట్టి జడపిన్నులా మడుచుకుంటుంది. అటు పోగు, ఇటు పోగు రెండూ అలా మడుచుకుంటే నాలుగు రోడ్ల కూడలి తయారవుతుంది. దాన్నే క్రూసిఫారం అంటారు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన దాని దగ్గరికి వస్తాను. గ్వానిన్, అంటే జీ. 1910లోనే ఒక సంగతి బయటపడింది. గ్వానిన్ ఉన్న గ్వానిలిక్ ఆమ్లాన్ని చిక్కగా కరిగిస్తే అది నీళ్లలా ఉండదు, చల్లారిన గంజిలా గడ్డకడుతుంది. ఎందుకు గడ్డకడుతోందో 1962లో గెల్లర్ట్, లిప్సెట్, డేవిస్ చెప్పారు. నాలుగు గ్వానిన్లు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని చదరంగా నిలబడతాయి. బతుకమ్మ ఆడేటప్పుడు మనం వలయంగా నిలబడతామే, అలా. ప్రతి గ్వానిన్ తన పక్కదానితో రెండు హైడ్రోజన్ బంధాలు కట్టుకుంటుంది. ఇది వాట్సన్, క్రిక్ చెప్పిన జత కాదు. గ్వానిన్ రెండో అంచును కూడా వాడుకునే జత, హూగ్‌స్టీన్ జత అంటారు. అలాంటి చదరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే మధ్యలో సన్నని బావిలా ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో పొటాషియం అయాన్లు సరిగ్గా ఇముడుతాయి. మన కణాల లోపల సోడియం కన్నా పొటాషియం ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి ఈ నిర్మాణానికి కావలసిన సరుకు కణంలో ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

దీని పేరు జీ-క్వాడ్రుప్లెక్స్. నాలుగు పాయలు కనిపిస్తాయి కాబట్టి నాలుగు పోగులు ఉండి తీరాలనుకోకండి. మన క్రోమోజోముల కొసల్లో, అంటే టెలోమియర్లలో, టీ టీ ఏ జీ జీ జీ అనే ఆరు అక్షరాలు వేలసార్లు తిరిగి తిరిగి వస్తాయి. చిట్టచివర జత లేని ఒంటిపోగు కొంత వేలాడుతూ ఉంటుంది. ఆ ఒక్క పోగే పోయి, మలుపు తిరిగి, వచ్చి, మళ్లీ మలుపు తిరిగి నాలుగు పాయలవుతుంది. మూడు జీలు పాయలో నిలబడతాయి, టీ టీ ఏ మలుపులో ఉంటాయి. అమ్మ ఆసు పోసినట్టే. నేను మొదటిసారి ఈ బొమ్మ చూసినప్పుడు నా కళ్ల ముందు సీలలే మెదిలాయి.

పరీక్షనాళికలో కనిపించింది కణంలోనూ ఉంటుందా అని చాలా ఏళ్లు అనుమానపడ్డారు. చెన్నైలో పుట్టి కేంబ్రిడ్జ్‌లో పనిచేస్తున్న శంకర్ బాలసుబ్రమణియన్ బృందం, ఈ ఆకారాన్ని మాత్రమే పట్టుకునే యాంటీబాడీని తయారుచేసి, 2013లో మనిషి కణాల్లోనే దాన్ని చుక్కచుక్కలుగా చూపించింది. డీఎన్‌ఏ నకలు తీసుకునే దశలో ఆ చుక్కలు ఎక్కువయ్యాయి. నకలు తీసేటప్పుడు పోగులు విడివడతాయి కదా, అదను అప్పుడే దొరుకుతుంది. విడిచిపెడితే నకలు తీసే ఎంజైము అక్కడే ఆగిపోతుంది. అందుకే ఈ ముడులు విప్పడానికి కణం హెలికేజ్‌లనే ప్రత్యేకమైన పనివాళ్లను పోషిస్తోంది. అదే బృందం 2015లో, కణం నుంచి బయటికి తీసిన మనిషి డీఎన్‌ఏలో ఇలా మడత పడే చోట్లు 7 లక్షలకు పైగా లెక్కపెట్టింది. అన్నీ ఒకేసారి మడత పడవు. కానీ అన్ని చోట్ల ఆ అవకాశం రాసిపెట్టి ఉంది.

జీలు ఒక పోగు మీద ఉంటే ఎదురుగా సీలు ఉంటాయి. వాటికీ ఒక సొంత ముడి ఉంది, ఐ-మోటిఫ్ అంటారు. 1993లో కనుక్కున్నారు, 2018లో మనిషి కణాల్లో చూశారు. సీ, జీ ఒకటి విడిచి ఒకటి వచ్చే చోట మెలిక ఏకంగా ఎడమచేతి వాటానికి తిరగగలదు. అది జడ్-డీఎన్‌ఏ. 1979లో అలెగ్జాండర్ రిచ్ ప్రయోగశాలలో దాని స్ఫటికం బయటపడింది.

ఒక్క విషయం మాత్రం తొందరపడకుండా చెప్పాలి. ఒకే మూడక్షరాలు పదేపదే వచ్చే చోట, నకలు తీసేటప్పుడు పోగు జారి మడత పడవచ్చు. అప్పుడు ఆ వరుస పెరుగుతుంది. మెదడును దెబ్బతీసే హంటింగ్టన్ జబ్బులో సీ ఏ జీ వరుస సాధారణంగా 40 సార్లో, అంతకన్నా ఎక్కువో వస్తుంది. ఫ్రీడ్రిక్ అటాక్సియాలో జీ ఏ ఏ వరుస మామూలుగా ముప్పై లోపు ఉండాల్సింది వందల్లోకి పోతుంది. అంత పొడవైన వరుసలో మూడు పాయల జడ లాంటి ముడి పడి, ఫ్రాటాక్సిన్ జన్యువును చదవడం కుంటుపడుతుంది. పిల్లలకు నడక తడబడుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడితేనే ఈ ఫ్రీడ్రిక్ అటాక్సియా వస్తుంది. మేనరికాలు ఉన్న మన ప్రాంతంలో ఈ మాట దాచకూడదు. మేనబావకో మేనమామకో పిల్లనిచ్చే ఇంట్లో ఇంతకుముందు ఇలాంటి బిడ్డ ఉంటే, హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రిలో గానీ, డీఎన్‌ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీలో గానీ జన్యు సలహా తీసుకోవచ్చు. ఆ తల్లిని ఎవరైనా ఏ దోషం చేసిందో అని ఆడిపోసుకుంటే, మీరు అడ్డుపడండి. పోగు జారడంలో ఎవరి దోషమూ లేదు.

ఇక నా మాటలు చాలు. గుమ్మం దగ్గర బల్ల మీద పూసల దండలు పెట్టాను, తలా ఒకటి తీసుకోండి. ఒక్కోదానికి 22 పూసలు, ఏ జీ జీ జీతో మొదలై మూడుసార్లు టీ టీ ఏ జీ జీ జీ. జీలు ఎర్ర పూసలు, మొత్తం 12. దారం తెంపకుండా, పూస తీయకుండా, ఆ పన్నెండు ఎర్ర పూసల్ని నాలుగేసి చొప్పున మూడు అంతస్తులుగా నిలబెట్టండి. మొదటి అంతస్తుకూ రెండోదానికీ మధ్య ఒక పెసరగింజ, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఇంకొకటి పెట్టండి. అవే పొటాషియం. మలుపులు పక్కగా తిప్పుతారో, మీదుగా తిప్పుతారో మీ ఇష్టం. పరీక్షనాళికలోనూ ఆ దారం పరిస్థితిని బట్టి రకరకాలుగా తిరుగుతుంది.