ఏ పేజీలో ఉందో చూపించండి
(కడపలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పనులు మానుకొని వచ్చిన మీకందరికీ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన సమయం అక్కడికే సరిపోతుంది, మన్నించండి.

నాకిచ్చిన అంశం ‘పుస్తక పఠనం’. చదవండి చదవండి అని పిల్లలకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను పెద్దవాళ్ల గురించి మాట్లాడతాను. పుస్తకం మొహం చూడకుండానే ‘శాస్త్రంలో ఉంది’ అని తీర్పు చెప్పే పెద్దవాళ్ల గురించి.

మా నాయనకు నేనొక్కదాన్నే బిడ్డను. ఆయన మంచాన పడ్డాక ఒళ్లు తుడిచిందీ, గంజి తాపిందీ నేనే. ఆయన పోయినప్పుడు శవాన్ని మరుసటి రోజు దాకా ఫ్రీజర్ బాక్సులో పెట్టారు. ఎందుకంటే కువైట్ నుంచి మా పెద్దనాయన కొడుకు రావాల. చేని గెనిమ, అంటే గట్టు, తగాదా వచ్చి ఆయన మా నాయనతో మాటలు మానుకొని ఏళ్లు గడిచాయి. ‘కొరివి నేను పెడతాను’ అన్నాను. ‘ఆడబిడ్డ పెట్టగూడదు పాపా, ధర్మశాస్త్రం ఒప్పదు’ అన్నారు బంధువుల్లో ఒక పెద్దాయన. ‘ఏ శాస్త్రం మామా, ఏ శ్లోకం?’ అని అడిగాను. ఉద్యోగమంతా తెలుగు, సంస్కృతం చెప్పినదాన్ని, ఆ ప్రశ్న అడిగే అర్హత నాకుంది. ‘ఇది శ్లోకాలడిగే సమయమా’ అన్నారు.

దింపుడు కళ్లం దాకా పాడె వెంట నేనూ నడిచాను. అక్కడ పాడె దించి, చెవి దగ్గర నోరు పెట్టి పిలవాల గదా, బతికుంటే పలుకుతాడేమోనని. మా అన్న వంగినాడు. ‘చిన్నాయనా’ అని మూడుసార్లు పిలిచినాడు. మనిషి బతికుండగా ఒక్కసారి పిలవని పిలుపు అది! ఆ చెవికి తెలిసిన గొంతు నాది. నన్ను అక్కడి నుంచే వెనక్కి పంపేశారు. వాళ్లు పెన్న ఒడ్డుకు పోయినారు.

సరే, శాస్త్రాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిద్దాం. మనుస్మృతి మూడో అధ్యాయం తీయండి. శ్రాద్ధానికి భోక్తలుగా, అంటే భోజనానికి, పిలవకూడని వాళ్ల పట్టిక ఉంది. వైద్యుడు కూడదు. జీతం తీసుకొని గుడిలో పూజ చేసేవాడు కూడదు. డబ్బు తీసుకొని చదువు చెప్పేవాడు కూడదు, డబ్బిచ్చి చదువుకున్నవాడూ కూడదు. నూనె ఆడేవాడు కూడదు. ‘సముద్రయాయీ’, సముద్రం దాటినవాడు అసలే కూడదు. రాయచోటిలో, రాజంపేటలో, మన కడపలో గల్ఫుకు మనిషిని పంపని వీధి ఏదైనా ఉందా? సముద్రం దాటినవాడు పంక్తిలో కూర్చోకూడదన్న శాస్త్రాన్ని పక్కనపెట్టి, సముద్రం దాటొచ్చినవాడి చేతికి నిప్పుకుండ ఇచ్చారు. ఆ సడలింపు నాకు మాత్రం లేదు.

అదే పుస్తకం తొమ్మిదో అధ్యాయంలో ‘న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి’ అందరికీ నోటికి వచ్చు. మూడో శ్లోకం అది. ఇంకొన్ని పేజీలు తిప్పితే నూట ముప్పయ్యో శ్లోకం, ‘పుత్రేణ దుహితా సమా’. కూతురు కొడుకుతో సమానం, ఆమె ఉండగా ఇంకొకడు ఆస్తి ఎట్లా తీసుకుంటాడు అని అడుగుతుంది ఆ శ్లోకం. దీన్ని ఎవరూ చదవరు.

అట్లని మనువుకు వకాల్తా పుచ్చుకోవడం లేదు. బ్రాహ్మణుడికి ధర్మం బోధించిన శూద్రుడి నోట్లో, చెవుల్లో కాగిన నూనె పోయించమన్నదీ ఆ పుస్తకమే, ఎనిమిదో అధ్యాయం. 1927 డిసెంబరు 25న మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ దాన్ని తగలబెట్టించడం ఊరికే కాదు. ఆ శ్లోకాన్ని ఈరోజు అమలు చేద్దామంటే ఈ సభలో ఎవరైనా ఊరుకుంటారా? మరి ఒకటి కుదరదని వదిలి, ఇంకొకటి మాత్రం శిలాశాసనం అంటే దాన్ని ధర్మం అని ఎట్లా అంటాం?

పాతకాలపు పండితులకు ఈ చిక్కు తెలుసు. ఇంకో స్మృతి రాసిన యాజ్ఞవల్క్యుడే చెప్పినాడు, ధర్మమైనా సరే లోకం అసహ్యించుకునేదాన్ని ఆచరించవద్దని. కల్యాణి చాళుక్యుల కాలంలో ఆ స్మృతి మీద మితాక్షర అనే వ్యాఖ్యానం రాసిన విజ్ఞానేశ్వరుడు ఈ మాటనే పట్టుకున్నాడు. పెద్దకొడుక్కు ఎక్కువ వాటా శాస్త్రంలో ఉంది, అయినా లోకం మెచ్చదు కాబట్టి వద్దన్నాడు. ఆ మితాక్షరను పదమూడో శతాబ్దంలోనే మన కేతన తెలుగులో పద్యాలు చేసి ఇచ్చినాడు. ఇంగ్లీషు చదువులవాళ్లు తెచ్చిన వాదన కాదిది. ఇక మరో స్మృతికర్త బృహస్పతి మాట, ‘కేవలం శాస్త్రమాశ్రిత్య న కర్తవ్యో వినిర్ణయః’. శాస్త్రం ఒక్కదాన్నే పట్టుకొని తీర్పు చెప్పవద్దు, యుక్తి లేని విచారణతో ధర్మానికే హాని అన్నాడు. ఈ శ్లోకం పిల్లలు రాసుకోండి. రాసుకున్నారా?

ఈ జబ్బు హిందువులకే కాదు. ఒక్క ఊపులో మూడుసార్లు తలాఖ్ అని పెళ్లాన్ని వీధిలోకి నెట్టినవాళ్లూ మతం పేరే చెప్పినారు. సుప్రీంకోర్టు 2017లో దాన్ని కొట్టేసింది. కోర్టుకు పోయింది ముస్లిం ఆడవాళ్లే, మరచిపోవద్దు. ఇంకోపక్క ఉగాది పొద్దున దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోయి చూడండి. బీబీ నాంచారమ్మ మా ఆడపడుచు, వెంకటేశ్వరస్వామి మా అల్లుడు అని ముస్లింలు కొబ్బరికాయ పట్టుకొని వస్తారు. ఏ స్మృతిలో రాసుంది అది? ఏ ఫత్వాలో ఉంది? మన ఊరి జనం కట్టుకున్న ధర్మం అది.

పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా అని మన రాష్ట్రం 1985 నుంచే అమలు చేసింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మా నాయన చేను నా పేరుకు మారింది, తహసీల్దారు శ్లోకం అడగలేదు. శ్మశానానికి మాత్రం ఇంకా ఏ సవరణా రాలేదు.

కూతుళ్లు మాత్రమే ఉన్న నాయనలు, అమ్మలు ఒక్కసారి చేతులెత్తండి. ఎత్తండి, మొహమాటం వద్దు. చూశారా ఎంతమందో! గ్రంథాలయం అధికారులకు ఒక మనవి. ధర్మశాస్త్రాలను తెలుగు తాత్పర్యంతో తెప్పించి, బీరువాలో తాళం వేయకుండా బయట పెట్టండి. ‘శాస్త్రం ఒప్పదు’ అన్నవాళ్లను ఇక్కడికి పిలుచుకొచ్చి, ఏ పేజీలో ఉందో చూపించమని అడుగుదాం. సభలో పురోహితులున్నారు, నాకు తెలుసు. మీరు మంత్రం చెబితే మా చేతులు పని చేస్తాయి. చెప్పనని మాత్రం అనొద్దు.

మా అమ్మ ఎనభై దాటిన మనిషి. పోయిన సంక్రాంతికి బంధువులందరినీ కూర్చోబెట్టి, ‘నా కుండ నా కూతురే మోయాల, ఎవరి కోసమూ నన్ను ఐసులో పెట్టొద్దు’ అని చెప్పేసింది. చేతులెత్తినవాళ్లు మీరూ చెప్పండి. కాగితం మీద రాసి సంతకం పెట్టి, మాట్లాడే బంధువులకూ మాట్లాడని బంధువులకూ చదివి వినిపించండి. ఈ వారంలోనే.