సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలి?

అందరికీ నమస్కారమండీ. ఇంగ్లీష్ మీడియం పిల్లల గురించి మాట్లాడమంటే మన ఇంగ్లీష్ మేడం గారిని పిలుస్తారు గానీ ఈ సైన్సాయన్ని పిలిచారేంటా అని వెనక ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు, నాకు కనబడుతోంది. 2022-23లో తెలంగాణ సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీష్ మీడియం పెట్టిన రోజే ఇంగ్లీష్ నేర్పడం ఒక్క ఇంగ్లీష్ టీచర్ పని కాకుండా పోయింది. నా క్లాసులో ఒకడు జవాబు రాయలేదంటే వాడికి సైన్స్ రాలేదా, ఇంగ్లీష్ రాలేదా అన్నది నేనే తేల్చుకోవాలి కదా.

ముందు నా తప్పు చెప్తాను. మొదటి ఏడాది నేనేం చేశానంటే పాఠం మొత్తం తెలుగులో చెప్పేసి, చివర్లో నాలుగు ప్రశ్నలకి ఇంగ్లీష్ జవాబులు బోర్డు మీద రాసి బట్టీ పట్టించాను, మార్కులు బానే వచ్చాయి, నేనూ ఖుషీ. యూనిట్ టెస్టులో ఒకసారి ప్రశ్న కొంచెం తిప్పి ఇచ్చాను. 34 పేపర్లు దిద్దితే 34లోనూ పాత జవాబే, కామాలతో సహా. ఆ రోజు పేపర్లు ఇంటికి తీసుకెళ్లాలంటే కూడా సిగ్గేసింది.

స్కఫోల్డింగ్ అనే మాట ట్రైనింగుల్లో అందరం వినే ఉంటాం, అంటే పిల్లాడికి కావలసినంత సాయం ఇచ్చి, వాడికి వచ్చేకొద్దీ తగ్గించుకుంటూ పోవడం. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ అని ముగ్గురు రాసిన పేపర్‌తో అది చదువుల్లోకి వచ్చింది. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు 30 మందికి చెక్క దిమ్మెలిచ్చి పిరమిడ్ కట్టమన్నారు, పక్కన ఒక టీచర్. మూడేళ్లోళ్లకి చేసి చూపించి ఆశ పుట్టించాల్సొచ్చింది, నాలుగేళ్లోళ్లకి నోటితో చెప్తే సరిపోయింది, ఐదేళ్లోళ్లకి మాత్రం 'కరెక్టేనా' అని అడిగినప్పుడు ఊ కొడితే చాలు. పని ఒకటే, సాయం మాత్రం పిల్లాణ్ని బట్టి తగ్గుతూ వచ్చింది. మన పుస్తకాల్లో దీన్ని పరంజా అంటారు గానీ నాకు సెంట్రింగ్ అంటేనే బాగా ఎక్కుతుంది. స్లాబ్ పోసిన మర్నాడే సెంట్రింగ్ విప్పితే ఏమవుద్దో మేస్త్రీని అడగక్కర్లేదు. అలాగని గృహప్రవేశానికి కూడా కర్రలు అలాగే ఉంచుతామా? నేను తెలుగులో చెప్పి బట్టీ పట్టించింది ఎప్పటికీ విప్పని సెంట్రింగ్. 'క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్' అనే స్కూళ్లున్నాయి చూడండి, అది మర్నాడే విప్పేయడం.

ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు కదా, ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీష్, మంచిదే, నేను కాదనను. కానీ తెలుగు పేజీలో 'బాష్పీభవనం' అని ఉంటుంది. మా సెవెన్త్ వాడికి అదెంత దూరమో ఎవాపరేషన్ కూడా అంతే దూరం, ఇంకా ఎవాపరేషనే నోరు తిరుగుతుంది. అందుకే ఇప్పుడు పుస్తకం తెరవకముందు వరండాలో గచ్చు మీద చెంబెడు నీళ్లు పోయిస్తాను. పీరియడ్ అయ్యేసరికి తడి పోతుంది. నీళ్లేమైనయ్ రా అంటే సగం మంది 'ఇంకిపోయినయ్ సార్', సగం మంది 'ఇగిరిపోయినయ్ సార్'. ఇక కొట్లాట! కిందకి పోయినయా పైకి పోయినయా? ఒక పిల్ల లేచి మరి స్టీలు ప్లేట్లో పోసి చూద్దాం సార్, ప్లేటులోకైతే ఇంకవు కదా అంది. అదండీ సైన్సంటే, ఒక్క ఇంగ్లీష్ ముక్క లేకుండా. ఆ ప్లేటు ఎండలో పెట్టి అది ఆరాక, ఇగిరిపోవడాన్నే ఎవాపరేషన్ అంటారు అని బోర్డు మీద రాస్తే ఆ మాట అతుక్కుంటుంది.

తర్వాత రాయడం. జూన్‌లో వాక్యం ముప్పావు వంతు నేనే ఇస్తాను, 'వాటర్ ఎవాపరేట్స్ ఫాస్టర్ వెన్' దాకా రాసి వదిలేస్తే వాడు 'ఇట్ ఈజ్ హాట్' అని పూర్తి చేస్తాడు. దసరా సెలవుల తర్వాత మాటలే ఇస్తాను, వాక్యం వాడు కట్టుకోవాలి. సంక్రాంతి దాటాక ఏమీ ఇవ్వను. అందరికీ ఒకేసారి విప్పుతానని కాదు, ఇద్దరు ముగ్గురికి మార్చి దాకా కర్రలు ఉంచాల్సే వస్తుంది, పర్లేదు.

ఇంకోటి, తెలిసిన మాటలే ఎక్కువ ముంచుతాయి. పవర్ అంటే మనోళ్లకి కరెంటు, వాల్యూమ్ అంటే టీవీ సౌండు. లెక్కల సార్ 'హౌ మెనీ మ్యాంగోస్ ఆర్ లెఫ్ట్' అంటే ఒకడు ఎడమ చెయ్యి ఎత్తాడట, మన లెక్కల సారే చెప్పారు. వాడు తెలివితక్కువోడు కాదండీ, ఆ మాటకి తనకి తెలిసిన అర్థాన్నే పట్టుకున్నాడు. జిమ్ కమిన్స్ అని, రెండు భాషల మధ్య చదువుకునే పిల్లల మీద పరిశోధన చేసినాయన, 1979 నుంచి ఇదే చెప్తూ వచ్చాడు, మాట్లాడుకునే ఇంగ్లీష్ ఒకటీ చదువుకునే ఇంగ్లీష్ ఒకటీ అని. కెనడా వలస పిల్లల్లో చూస్తే మొదటిది రెండేళ్లలో వచ్చేస్తుంది, రెండోదానికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది. అక్కడ బడి బయట కూడా ఇంగ్లీషే! మన పిల్లలకి గేటు దాటితే ఇంగ్లీష్ ఎక్కడుంది? మనం మాత్రం మీడియం మారే పిల్లలకి కొద్ది రోజుల బ్రిడ్జి కోర్సు ఒకటి పెట్టేసి అయిపోయిందనుకుంటాం.

మా ఊరి పక్క తండా నుంచి వచ్చే పిల్లల సంగతి ఇంకా వేరు. ఇంట్లో లంబాడీ, బళ్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీష్. పుస్తకం ఎటు పేజీ తిప్పినా వాళ్ల భాష లేదు. ఇది నాకు ఏ ట్రైనింగ్‌లోనూ తట్టలేదు, మా ప్రైమరీలో చిన్న క్లాసులకి చెప్పే ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) మేడం క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నప్పుడు తట్టింది. ఆవిడ బోర్డు మీద నీళ్లు, పాణి, వాటర్ అని మూడూ పక్కపక్కన రాస్తుంది, పాణి అని చెప్పింది తండా పిల్ల. ఆ రోజు ఆ పిల్ల మిగతా క్లాసుకి టీచరు. పదిహేనేళ్ల సర్వీసున్న స్కూల్ అసిస్టెంట్‌ని, అంటే పై క్లాసులకి సబ్జెక్టు చెప్పే టీచర్ని నేను, సెకండ్ క్లాసులో కూర్చుని నోట్స్ రాసుకున్నాను.

టీచర్ లీడర్‌షిప్ అంటే నాకు తెలిసింది ఇదే. ఆవిడకి పోస్టు లేదు, పీపీటీ లేదు, ఆర్డర్ కాపీ లేదు, తోటి టీచర్లు వచ్చి చూడ్డానికి తన క్లాసు తలుపు మాత్రం తీసిపెట్టింది. మనలో చాలామందికి ఇంకొకరు క్లాసులో కూర్చుంటే ఇన్‌స్పెక్షన్ అనే భయం, నాకూ ఉండేది.

అమెరికాలో 1974లో లౌ వర్సెస్ నికోల్స్ అని ఒక కేసు, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీష్ రాని చైనీస్ పిల్లలది. ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఒకే సిలబస్ ఇచ్చినంత మాత్రాన సమానం అయిపోదని సుప్రీంకోర్టు చెప్పింది. తండా పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

సరే, టీ వచ్చేసింది, ఆపేస్తాను. వచ్చే నెల మీటింగ్‌కి ఒక్కొక్కరు ఒక్క పాఠం తీసుకుని, అందులో పిల్లలు తప్పుగా పట్టుకునే మాటలు ఏవేవో పది రాసుకొస్తారా? జిరాక్స్ ఖర్చు నాది. ఎస్‌జీటీ మేడం ఒప్పుకుంటే ఇద్దరిద్దరం వెళ్లి ఒక పీరియడ్ చూసొద్దాం, బెంచీలు చిన్నవి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీ తెచ్చుకోండి.