పన్నెండు ఫ్రేముల్లో ఆట

శ్రోతలకు నమస్కారం.

ఆటల ఫోటోలు అనగానే బారెడు లెన్సులు, సెకనుకు పదీ ఇరవై ఫోటోలు తీసే డిజిటల్ కెమెరాలు గుర్తొస్తాయి. వాటి పక్కన మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరా ఏం చేయగలదు? రీలుకు 12 ఫోటోలే వస్తాయి కదా అంటారు. బంతి వెంట పరిగెత్తించకుండా, బంతి వచ్చే చోట ముందే కాపు వేయించగలిగితే చాలా చేయగలదు.

ఒకప్పుడు మన స్టూడియోల్లో పెళ్ళిళ్ళు తీసిన యాషికా మ్యాట్, మామియా, హాసెల్‌బ్లాడ్ ఈ కోవవే. వీటిలో వేసేది 120 ఫిల్మ్. చదరపు ఫ్రేము 56 మిల్లీమీటర్లకు 56. మామూలు 35 ఎంఎం ఫ్రేము 24కి 36. అంటే విస్తీర్ణం మూడున్నర రెట్లకు పైనే. 80 ఎంఎం లెన్సుతో తీసి, నెగెటివ్‌లో నడిమి ముక్కను మాత్రమే పెద్దది చేసుకున్నా బొమ్మ చెదరదు. లాంగ్ లెన్స్ లేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు.

అసలు చిక్కు వేగంతోనే. యాషికా మ్యాట్ 124జీకి గానీ, హాసెల్‌బ్లాడ్ 500సీఎంకి గానీ షట్టర్ వేగం సెకనులో 500వ వంతు దాటదు. సెకనుకు 8 మీటర్ల వేగంతో పరిగెత్తే మనిషి 10 మీటర్ల దూరంలో మనకు అడ్డంగా వెళ్తే, ఆ 500వ వంతులోనే ఫిల్మ్ మీద అతని బొమ్మ 0.13 మిల్లీమీటరు జరిగిపోతుంది. ఫోటో పెద్దది చేస్తే అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. అదే మనిషి ఎదురుగా వస్తుంటే బొమ్మ దాదాపు కదలదు. అందుకే బీచ్ రోడ్డులో పరుగు పందెం తీసేవాళ్ళు పక్కన కాదు, మలుపు దగ్గర నిలబడాలి.

వాలీబాల్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. పైకి ఎగిరిన ఆటగాడు శిఖరాన్ని అందుకునే ముందు సెకనులో పదో వంతు, ఆ తర్వాత పదో వంతు, మొత్తం 0.2 సెకను పాటు 5 సెంటీమీటర్ల లోపే పైకీ కిందికీ కదులుతాడు. అప్పుడు నొక్కితే 250వ వంతు చాలు. కొట్టే చెయ్యి కాస్త చెదురుతుంది, ముఖం మాత్రం నిలుస్తుంది. ఆ చెదురు ఫోటోకి అందమే.

ఇక కబడ్డీ. ఈ కెమెరాలకు ఇంతకన్నా తగిన ఆట లేదు. పురుషుల కోర్టు 13 మీటర్లకు 10. నడి గీత నుంచి బోనస్ గీత 4.75 మీటర్లు. డిఫెండర్ల వెనక, ఎండ్ లైనుకు 4 మీటర్లు ఎడంగా నేల మీద కూర్చోండి. బోనస్ గీత మీకు ఆరు మీటర్లకు కాస్త తక్కువ దూరంలో, నడి గీత పదిన్నర మీటర్ల దూరంలో ఉంటాయి. 80 ఎంఎం లెన్స్ ఫోకస్ 7 మీటర్ల దగ్గర ఆపి, ఎపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) ఎఫ్8 పెడితే సుమారు 5 మీటర్ల నుంచి 12 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఆ పైన ఫోకస్ రింగు ముట్టుకోవద్దు. రైడర్ కూత పెట్టి వస్తాడు, ఎడమకాలి మీద బరువు వేసి కుడి బొటనవేలు గీత దాటిస్తాడు, ఎదుటివాడి చెయ్యి చీలమండ మీద పడబోతుంది. వేలు నొక్కాల్సింది అప్పుడే. పట్టు బిగిశాక నొక్కితే వీపులే మిగులుతాయి.

యాషికా లాంటి జంట లెన్సుల కెమెరాలో పైనుంచి చూస్తే కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. రైడర్ కుడికి తిరిగితే మన చేతులు ఎడమకు పోతాయి. దానికి మందు కెమెరా పైన తెరుచుకునే హుడ్‌లోనే ఉంది. ముందు రేకును లోపలికి నొక్కి, వెనక ఉన్న చదరపు కన్నంలోంచి నేరుగా చూడండి. దాన్ని స్పోర్ట్స్ ఫైండర్ అనే పిలుస్తారు. హాసెల్‌బ్లాడ్‌లో ఇబ్బంది వేరు. బటన్ నొక్కాక అద్దం లేచి, ఆ తర్వాతే షట్టర్ తెరుచుకుంటుంది. ఫిల్మ్ మళ్ళీ తిప్పేదాకా ఫైండర్ చీకటే. అద్దాన్ని ముందే లేపి ఉంచి, కంటితో ఆట చూస్తూ నొక్కడం మేలు. ఆటలకైతే ఖరీదైన హాసెల్‌బ్లాడ్ కన్నా యాషికాయే నయమంటాను.

ఫ్రేము ముందే కట్టి కాచుకోవడం పెద్దవాళ్ళు చేసిన పనే. 1966లో హ్యూస్టన్‌లో మహమ్మద్ అలీ, క్లీవ్‌లాండ్ విలియమ్స్ బాక్సింగ్‌లో తలపడ్డప్పుడు ఫోటోగ్రాఫర్ నీల్ లీఫర్ రింగు పైన హాసెల్‌బ్లాడ్ వేలాడదీసి, కింద కూర్చుని తీశారు. పడిపోయిన విలియమ్స్, చేతులెత్తిన అలీ ఒకే చదరంలో ఉన్న ఆ ఫోటోను లోకం ఇప్పటికీ చూస్తోంది.

మన విశాఖలో వెలుగుకు కొదవ లేదు. 400 స్పీడు ఫిల్మ్‌తో నిండు ఎండలో 500వ వంతు, ఎఫ్16. పొద్దుటి లేత ఎండలో ఎఫ్8. ఆర్కే బీచ్‌లో ఉదయం సముద్రానికి వీపు పెట్టండి, సాయంత్రం ఊరికి వీపు పెట్టండి. ఎండ ఆటగాళ్ళ ముఖాల మీద పడుతుంది. మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు, కళ్ళు నీడలో కూరుకుపోతాయి.

ఉప్పుగాలిలో లెన్సును పొడిగుడ్డతో తుడిస్తే ఇసుక గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊదాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్మ్ గది వేడికి వచ్చేదాకా కవరు చింపకండి, చెమ్మ పడుతుంది. రీలు ఎక్కించేటప్పుడు బొటనవేలితో నొక్కి పట్టి తిప్పాలి. వదులుగా చుట్టుకుంటే అంచుల్లోంచి వెలుగు దూరుతుంది. ఎక్కించినా, దించినా నీడలోనే. కబడ్డీలో మొదటి 20 నిమిషాల తర్వాత 5 నిమిషాల విరామం ఉంటుంది. రెండు ఫ్రేములు మిగిలినా సరే, రీలు అప్పుడే మార్చేయండి. వాటి కోసం చూసుకుంటే ఆఖరి రైడ్‌కి కెమెరా ఖాళీగా ఉంటుంది.

వెలుగు తగ్గి 400 ఫిల్మ్‌ను 1600 స్పీడు ఫిల్మ్ అనుకుని వాడితే రీలంతా అలాగే వాడాలి, మధ్యలో మార్చకూడదు. ల్యాబులో కడగడానికి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకుండా, అంటించిన కాగితం పట్టీ మీదే 1600 అని పెన్నుతో రాసి ఇవ్వండి.

నమస్కారం.