ఆఫీసు కంప్యూటర్లలో ఏది రన్ కావాలి? ఎవరు తేల్చాలి?

అందరికీ నమస్కారం.

2000 మే నెలలో ‘ఐ లవ్ యూ’ అనే సబ్జెక్టుతో వచ్చిన ఈమెయిల్ ప్రపంచమంతటా కంప్యూటర్లను ముంచెత్తింది. దానికి జోడించి ఉన్నది ఒక వీబీఎస్ స్క్రిప్టు, అంటే తెరిస్తే విండోస్‌లో రన్ అయ్యే కమాండ్ల ఫైలు. ఫైలు పేరు చివర దాని రకం చెప్పే ఎక్స్‌టెన్షన్ చాలామందికి కనబడలేదు, టెక్స్ట్ ఫైలేనని డబుల్ క్లిక్ చేశారు. తప్పంతా క్లిక్ చేసినవాళ్లదే అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను ఒప్పుకోను. మెయిల్లో వచ్చిన స్క్రిప్టు అంత తేలిగ్గా రన్ కావడమే అసలు లోపం. ఏది రన్ కావాలో తేల్చే భారం ఐటీ విభాగానిది, ఉద్యోగిది కాదు.

విండోస్‌లో ఏది రన్ కావాలో నియంత్రించే సాధనాలు కొత్తవేం కావు. విండోస్ ఎక్స్‌పీలోనే సాఫ్ట్‌వేర్ రిస్ట్రిక్షన్ పాలసీలు ఉండేవి. విండోస్ 7తో యాప్‌లాకర్ వచ్చింది. ఇప్పుడు యాప్ కంట్రోల్ ఫర్ బిజినెస్ కూడా ఉంది. ఆఫీసు కంప్యూటర్లను నిర్వహించే గ్రూప్ పాలసీతోనో ఇన్‌ట్యూన్‌తోనో ఒకేచోటి నుంచి అన్ని మెషిన్లకూ రూల్స్ పంపొచ్చు.

ఏది వాడినా నేను పట్టుబట్టేది ఒక్క విషయం మీదే. మామూలు యూజర్ ఫైలు పెట్టగలిగే ఫోల్డర్ నుంచి ఏదీ రన్ కాకూడదు. యాప్‌లాకర్ డిఫాల్ట్ రూల్స్ ప్రోగ్రామ్ ఫైల్స్‌నూ విండోస్ ఫోల్డర్‌నూ అనుమతిస్తాయి. బాగానే ఉందనిపిస్తుంది. కానీ విండోస్ ఫోల్డర్‌లోనే టెంప్, టాస్క్స్ లాంటి చోట్ల మామూలు యూజర్ కూడా ఫైళ్లు పెట్టగలడు. డౌన్‌లోడైన ఫైలును అక్కడికి కాపీ చేస్తే చాలు, రూల్ చూస్తూ ఊరుకుంటుంది. అనుమతి ఆ ఫోల్డర్లకు వర్తించకుండా వాటిని రూల్ మినహాయింపుల్లో చేర్చాల్సిందే. ఇక యూజర్లందరికీ అడ్మిన్ హక్కులు ఇచ్చి ఉంటే ఈ శ్రమంతా వృథా.

విండోస్‌లో కమాండ్లూ స్క్రిప్టులూ రన్ చేసే పవర్‌షెల్ విషయంలో చాలామంది, ఏ స్క్రిప్టు ఫైళ్లు రన్ కావచ్చో చెప్పే ఎగ్జిక్యూషన్ పాలసీ పెట్టి ధీమాగా ఉంటారు. స్క్రిప్టులోని లైన్లను కాపీ చేసి కన్సోల్‌లో పేస్ట్ చేస్తే అది అడ్డుకోదు. అది భద్రతా గోడ కాదని మైక్రోసాఫ్టే చెబుతోంది. యాప్‌లాకర్ స్క్రిప్ట్ రూల్స్ అమల్లో ఉంటే మాత్రం పవర్‌షెల్ కన్‌స్ట్రెయిన్డ్ లాంగ్వేజ్ మోడ్ అనే పరిమిత స్థితిలోకి వెళ్తుంది. రోజువారీ కమాండ్లు పనిచేస్తాయి, మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌ను ఇష్టమొచ్చినట్టు వాడుకునే దారులు మూసుకుపోతాయి.

రూల్స్‌ను నేరుగా అమలు చేయకండి. ముందు దేన్నీ ఆపకుండా నమోదు మాత్రమే చేసే ఆడిట్ ఓన్లీ మోడ్‌లో ఉంచండి. ప్రోగ్రామ్ అయితే 8003, స్క్రిప్టు అయితే 8006 నంబరు ఈవెంట్ లాగ్‌లో పడుతుంది. ‘ఇది రన్ అయింది, రూల్ అమల్లో ఉంటే ఆగిపోయేది’ అని దానర్థం. ఓపిగ్గా చదవండి. ఎవరూ చెప్పని పనులు అందులో బయటపడతాయి: యూజర్ సొంత ఫోల్డరైన యాప్‌డేటాలో ఇన్‌స్టాలైన చాట్ యాప్, ఎప్పుడో రాసిన లాగిన్ స్క్రిప్టు, నెలాఖరుకు మాత్రమే రన్ అయ్యే అకౌంట్స్ రిపోర్టు. రెండు వారాలకే ఆడిట్ ముగిస్తే ఆ రిపోర్టు మీ కంట పడకపోవచ్చు, జీతాల రోజున ఫోన్ మోగుతుంది.

అనుమతి ఇచ్చేటప్పుడు తయారీదారు డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామ్‌కు, ఆ సంతకాన్ని చూసే పబ్లిషర్ రూల్ రాయండి, అప్‌డేట్ వచ్చినా నిలుస్తుంది. ఫైలు వేలిముద్ర లాంటి కోడ్‌ను చూసే హ్యాష్ రూల్ అయితే ఫైలు మారినప్పుడల్లా మళ్లీ రాయాలి.

మరొకటి. బ్లాక్ అయినప్పుడు వచ్చే మెసేజ్‌లో సహాయం కోసం ఒక లింకు పెట్టే వీలుంది. దయచేసి పెట్టండి. ఆ లింకు నొక్కినవాళ్లకు ఆ రోజే జవాబివ్వడానికి ఒక మనిషి ఉండాలి. లేకపోతే పని సొంత ల్యాప్‌టాప్‌లకు తరలిపోతుంది, మీ పాలసీ అక్కడికి చేరదు.

ఇప్పుడు ఒక ఆడిట్ లాగ్ తెరిచి, మినహాయింపులు ఎలా రాయాలో కలిసి చూద్దాం.